బొటనవేలు మళ్ళీ పెట్టండి

పొద్దున్నే ముందు నా వేలే అడుగుతుంది మిషను.
నేను నేనేనని అది ఒప్పుకున్నాకే
ఏటుకూరు రోడ్డు కేంద్రంలో షట్టరు లేచినట్టు లెక్క.
ఫ్యాను తిరుగుతుంది,
గాలి మాత్రం పక్క జెరాక్సు షాపుకి పోతుంది.
గోడ మీద నేనే రాసి అంటించిన కాగితం:
పదేళ్ళు దాటిన కార్డులు అప్‌డేట్ చేయించుకోవలెను.
దాటింది కార్డు కాదు, మనిషి.
ఆ సంగతి రాయడానికి కాగితంలో చోటు చాల్లేదు.

టోకెన్ నలభై ఒకటి.
ఆమె గడపలో కాలు పెట్టీ పెట్టగానే
బెంచీ మొత్తం తుమ్మింది.
"శకునం బాలేదమ్మా, కాసేపు కూర్చుని లే"
అన్నాడో పెద్దాయన, ముక్కు తుడుచుకుంటూ.
"కూర్చోడానికి రాలా అయ్యా,
యార్డులో పూట కూలి వదులుకొని వచ్చా."

పాలిథిన్ సంచీలోంచి కార్డు తీసింది.
అంచుల్లో ఎర్రటి పొడి,
తేజా రకమో, మూడు ముప్పై నాలుగో.
తెలుగులో షేక్ ఖాసింబీ,
ఇంగ్లీషులో కాశీబాయి.
పుట్టిన తేదీ జనవరి ఒకటి.
నాకు తెలిసి సంగడిగుంటలో సగం మంది
జనవరి ఒకటినే పుట్టారు.
ఆ రోజు మంత్రసానులు
అన్నం తిని ఉండరు పాపం.

ఫొటోలో నిండు మొహం, ముక్కుపుడక.
ఎదురుగా ఉన్న మొహానికి
ముక్కుపుడక చోట చీపురుపుల్ల ముక్క.
"తాకట్టులో ఉంది" అంది, నేను అడక్కుండానే.
"విడిపించాక మళ్ళీ దిగాలా ఫొటో?"

ఫోను నంబరు ముఠామేస్త్రీ ఏడుకొండలుది.
అప్పట్లో ఆమెకి ఫోను లేదు.
ఇప్పుడు ఏడుకొండలు లేడు.

నాలుగు వేళ్ళూ అద్దం మీద పెట్టండి.
నొక్కండి.
ఇంకా నొక్కండి.
ఇరవై మూడు శాతం.
తడిగుడ్డతో తుడిచాను, పందొమ్మిది.
ఆమె చెయ్యి నా చేత్తో పట్టుకుని అదిమాను.
బొమ్మా బొరుసూ చెరిగిపోయిన
అర్ధరూపాయి బిళ్ళల్లా ఉన్నాయి వేళ్ళు.
ఎన్నేళ్ళ నుంచి తొడిమలు తీస్తున్నావు?
"పెద్దపిల్ల కడుపులో ఉన్నప్పటి నుంచి.
ఇప్పుడు దానికిద్దరు."
కాయకో తొడిమ.
తొడిమకి ఎంత గీత ఊడిందో
ఏ కాటా మీదా ఎవడూ తూచలేదు.

"మా అమ్మ నిశానీ వేసేది.
వేలిముద్ర సిగ్గుచేటని
నాకు రాత్రిబడిలో సంతకం నేర్పారు.
కష్టపడి నేర్చుకున్నా.
ఇప్పుడు సంతకం వద్దు, వేలే కావాలంటారేంది?"
నా దగ్గర జవాబు లేదు.
ఒక పాడైపోయిన ఫారం ఇచ్చి
పెట్టు, చూద్దాం అన్నాను.
బీ మీద గుడిదీర్ఘం గీత దాటి పోయింది.
అది ఎక్కడా అప్‌లోడ్ కాదు.
కీబోర్డు కింద దాచాను.

చివరికి కళ్ళు.
రెప్ప వేయకండి.
వేయలేదు. మిషను ఒప్పుకుంది.
రసీదు మడిచి కొంగున కట్టుకుని
మెసేజీ ఎవరికొస్తుందని మళ్ళీ అడిగింది.
ఈసారి మీ పిల్ల నంబరు ఇచ్చాంగా అన్నాను.
"దాని ఫోను అల్లుడి దగ్గరుంటది" అని
చెప్పులేసుకుంది.

నలభై రెండు అని పిలిచి,
చెమట కారుతోందని కన్ను నలుపుకున్నాను.

భగ్గుమంది.

పంపు కింద మొహం పెడితే ఇంకా మండింది.
నెయ్యి రాయమన్నారు ఒకరు.
ఏడవనీయండి, అదే పోద్దన్నారు ఇంకొకరు.
గుడ్డ కట్టినట్టున్న కంటితో
తడుముకుంటూ కుర్చీలోకి వచ్చేసరికి
సమయం మించింది, మళ్ళీ లాగిన్ అవండి, అంటోంది తెర.
వేలు పెట్టాను.
తీసుకోలేదు.
చొక్కాకి తుడిచి పెట్టాను.
బొటనవేలు మళ్ళీ పెట్టండి.

వెనక బెంచీ మీంచి పెద్దాయన:
"చెప్పాగా, కూర్చుని లేవమని."